ఝాన్సీలక్ష్మి వేలిముద్ర

పాతపట్నంలో ఎవరు పని మానేయబోతున్నారో గౌరికి రెండు రోజుల ముందే తెలిసిపోయేది. వాళ్లు నోరు తెరిచి చెప్పనక్కర్లేదు. రోజూ కారేజీతో జీడిపప్పు కంపెనీ ఆటో ఎక్కే ఆవిడ ఒకనాడు ఖాళీ చేతులతో వచ్చి "ఆకలి లేదులే" అన్నదంటే, ఇంట్లో పేచీ మొదలైందన్నమాట. తలకు రాసుకునే నూనె చేతులకు పట్టించుకుని వచ్చిందంటే, జీడి రసం తగిలి చర్మం మండుతోందన్నమాట. గౌరి ఆ సాయంత్రమే వాళ్ల గుమ్మం ముందు నిలబడేది. లోపలికి రమ్మన్నా వెళ్లదు, గట్టిగా మాట్లాడదు. "రేపు ఆటో ఏడింటికే వస్తాది. నాను వచ్చి పిలుస్తాను" అని నేలచూపులు చూస్తూ చెప్పేది. ఆ పిల్ల మొహం చూసి కాదనలేక సగం మంది మర్నాడు ఆటో ఎక్కేవారు.

అదే ఆమె ఉద్యోగం. పింఛను మీదో రేషను మీదో నెట్టుకొస్తున్న ఇళ్లలో పని చేయగలిగిన ఆడవాళ్లను వెతకడం, ఏదో ఒక పనిలో పెట్టించడం, పెట్టించాక మానేయకుండా చూసుకోవడం, వీలైతే పై పనికి ఎక్కించడం. మహిళా సంఘాల తరఫున ఈ పనికి మనిషి కావాలన్నప్పుడు, సంఘం లీడరు దాలమ్మ తన కూతురి పేరే రాయించింది. తొమ్మిదో తరగతిలో టైఫాయిడ్ వచ్చి బడి మానేసిన పిల్లకు అంతకంటే మంచి పని దొరకదని వీధిలో అందరూ అన్నారు. గౌరీ అలాగే అనుకుంది. తనకు మాట రాదు గానీ చూపు ఉంది. ఆ చూపు నుంచి ఏదీ తప్పించుకోలేదని లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

ఆ గర్వం ఝాన్సీలక్ష్మి దగ్గర పోయింది.

గౌరి వాళ్ల వీధి చివర రేకుల ఇల్లు ఝాన్సీలక్ష్మిది. మెళియాపుట్టి వైపు నుంచి కోడలుగా వచ్చిన మనిషి. మొగుడు టైల్స్ పనికని చెన్నై వెళ్లి, రెండుసార్లు తిరిగొచ్చి, మూడోసారి రాలేదు. అక్కడ ఇంకో కాపురం పెట్టాడని తెలిశాక అత్తవారు ఆమె పెట్టె తీసుకొచ్చి వీధిలో పెట్టారు. పదేళ్ల కిందటి మాట, అప్పటికి కూతురు పింకీకి నాలుగేళ్లు. ఆ రేకుల ఇల్లు అద్దెకు చూసిపెట్టింది, ఒంటరి ఆడవాళ్లకిచ్చే పింఛను రాయించింది, అన్నీ దాలమ్మే. ఆ తర్వాత ఎనిమిదేళ్లు ఆ పింఛనుతోనూ, నాలుగిళ్లలో అంట్లు తోమిన డబ్బుతోనూ ఇల్లు నడిచింది.

కార్డు ప్రకారం ఆమెకు నలభై ఐదేళ్లు. "వదినా, నీకొక్క తెల్ల ఎంట్రుకైనా లేదేటి?" అని గౌరి ఒకసారి అడిగితే, "మా పుట్టింటోళ్లకి తల పండదే" అని నవ్వేసింది. గౌరి నమ్మింది.

రెండేళ్ల కిందట జీడిపప్పు కంపెనీలో చేర్చినప్పుడు ఝాన్సీలక్ష్మిని కాయ కొట్టే షెడ్డులో వేశారు. కాయ పగిలినప్పుడల్లా చిమ్మే రసం వేళ్లను తినేస్తుంది. మూడు నెలలకు ఆమె బొటనవేలు ఎంత నున్నబడిపోయిందంటే, పింఛను రోజున మిషను ఆ వేలిని ఒప్పుకునేది కాదు. పది సార్లు తుడిచి పది సార్లు నొక్కాలి. అక్కణ్నుంచి పొట్టు తీసే చోటికి, అక్కణ్నుంచి పప్పు ఏరే బల్ల దగ్గరికి ఆమెను ఎక్కించడానికి గౌరి ఎంత తిరిగిందో. ఏరే బల్ల దగ్గర ఝాన్సీలక్ష్మి చేతులు చూడాల్సిందే. విరగని గుండు ఒకవైపు, చీలిన బద్ద ఒకవైపు, నూక ఒకవైపు. కళ్లు ఎత్తకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా, గంటకు అందరికంటే ఒక డబ్బా ఎక్కువ.

ఒక్కటే లోటు. ఆమెకు చదువు రాదు. సంఘం పుస్తకంలో వేలిముద్ర, పింఛనుకు వేలిముద్ర, కంపెనీ జీతం కాగితం మీద వేలిముద్ర. సంతకమైనా రాకపోతే ఇంక పైకి వెళ్లడం కష్టమని గౌరి ఒక పలక కొని రోజూ సాయంత్రం గుమ్మం బయట ఆమెతో కూర్చునేది. పేరు రాయడానికి నాలుగు నెలలు పట్టింది. మొదటి అక్షరమే ఝ. దాని దగ్గర ఝాన్సీలక్ష్మి చెయ్యి వణికేది, కొమ్ము ఎటో పోయేది. "నా వల్ల కాదే గౌరీ" అనేది. గౌరి ఆమె చెయ్యి పట్టుకుని దిద్దించేది. తర్వాత అంకెలు. గౌరి ఎనిమిది రాసే తీరు వేరు. ఒక సున్న చుట్టి, దాని నెత్తిన ఇంకో సున్న పెడుతుంది. బడిలో ఎన్నిసార్లు తిట్టినా ఆ అలవాటు పోలేదు. పలక మీద ఆ ఎనిమిదిని చూసి ఝాన్సీలక్ష్మి చాలాసేపు అలాగే ఉండిపోయింది. కష్టంగా ఉందేమో అనుకుని గౌరి ఆ రోజుకి పాఠం ఆపేసింది.

ఆ శుక్రవారం గౌరి ఇద్దరు కొత్తవాళ్లను తీసుకుని కంపెనీకి వెళ్లింది. వాళ్లకు ఏప్రాన్లు కావాలంటే, సరుకు గది లోపల అరలో ఉంటాయి తీసుకోమని గేటు దగ్గర మనిషి చెప్పాడు. గది షట్టరు మూసి ఉంది. దాని మీద ఒక తెల్లకాగితం అంటించి ఉంది, ఒకవైపు టేపు ఊడి సగానికి మడత పడింది. ఇంగ్లీషు. కంపెనీలో ఎక్కడ చూసినా ఇంగ్లీషు కాగితాలే. గౌరి వాటి జోలికి ఎప్పుడూ వెళ్లలేదు. వంగి షట్టరు పిడి పట్టుకుంది.

"గౌరీ! ముట్టుకోకు!"

వెనక డబ్బా పడ్డ చప్పుడు. పప్పు నేలంతా చెదిరింది. ఝాన్సీలక్ష్మి పరుగున వచ్చి ఆమె జబ్బ పట్టి వెనక్కి లాగిన లాగుడుకి గౌరి గోడకు కొట్టుకుంది.

"ఒసే, సస్తావే! లోపల పురుగుమందు బిళ్లలు పెట్టినారు. రేపు పది గంటల దాకా తియ్యకూడదు, ఆ గాలి పీలిస్తే పానం పోతాది!"

కొత్తగా వచ్చిన ఇద్దరూ నాలుగడుగులు వెనక్కి వేశారు.  గౌరి గోడ పట్టుకుని నిలదొక్కుకుంది.

"నీకెవరు సెప్పినారు వదినా?"

"ఇందాక అటెల్తూ సూసినాను. అదిగో, అక్కడ రాసి..."

ఝాన్సీలక్ష్మి వేలు కాగితం వైపు లేచింది, సగంలోనే ఆగిపోయింది. ఆమె మొహంలో రంగు పోవడం గౌరి చూసింది.

"ఎవరూ చెప్పలేదు." వెనక నుంచి మేనేజరు ధనరాజ్ గొంతు. చప్పుడు విని తన ఆఫీసు గదిలోంచి వచ్చాడు. "మందు పెట్టినవాళ్లు ఇప్పుడే కాగితం అంటించి వెళ్లారు. నేనింకా ఎవరికీ చెప్పనే లేదు." షట్టరు దగ్గరికి వచ్చి, మడత విప్పి పట్టుకున్నాడు. "చదవమ్మా."

ఝాన్సీలక్ష్మి తల అడ్డంగా ఊపింది.

"నాకు తెలిసిపోయింది కదా. చదువు."

ఆమె చదివింది. ఎక్కడా తడబడలేదు. గౌరికి ఒక్క ముక్క అర్థం కాని ఆ ఇంగ్లీషు, తాను చెయ్యి పట్టుకుని ఝ దిద్దించిన మనిషి నోటి నుంచి నీళ్లలా వచ్చేసింది. గౌరి గోడకు చేరబడి చతికిలబడింది. ఆ గదిలోకి వెళ్లకుండా తప్పించుకున్నందుకో, ఈ గొంతు విన్నందుకో ఆమెకే తెలియలేదు. 

ధనరాజ్ ఊడిన టేపు మళ్లీ అంటించాడు. తర్వాత, "ఏరే హాలుకి సూపర్‌వైజర్ కోసం మూడు నెలల నుంచి చూస్తున్నాను. పప్పు తెలిసినవాళ్లకి చదువు రాదు, చదువొచ్చినవాళ్లకి పప్పు తెలీదు. సోమవారం నీ టెన్త్ సర్టిఫికెట్టు, ఆధారు తీసుకురా. ఆ పని నీకే ఇస్తాను" అన్నాడు. రెండడుగులు వేసి మళ్లీ ఆగాడు. "తేలేనంటే మాత్రం ఉన్న పని గురించీ ఆలోచించుకోవాలి. చదువు రాదని రాసిచ్చి చేరావు. ఇంకేం దాచావో నాకెలా తెలుస్తుంది?"

సాయంత్రం గౌరి మొదటిసారి ఒక ఇంటి లోపలికి, పిలవకుండానే వెళ్లింది.

ఝాన్సీలక్ష్మి పెట్టె అడుగు నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. పింకీ చాప మీద హోంవర్కు చేసుకుంటోంది. పదో తరగతి పిల్ల. కవర్లోంచి వచ్చిన కాగితాన్ని అందరికంటే ముందు లాక్కుంది అదే.

"ఎవర్దమ్మా ఇది? నీ పేరేటి దీని మీద? లెక్కల్లో తొంభై రెండు ఎవరికి?"

ఝాన్సీలక్ష్మి పెట్టె మూత వేసింది.

"నీకా? అమ్మా, నీకా?"

"ఊఁ."

పింకీ కాగితం వైపు, అమ్మ వైపు మార్చి మార్చి చూసింది. "మరి లెక్కలు రావట్లేదని నాను ఏడుస్తుంటే, పక్కనే కూకుని ఊరికే సూసినావేటి?"

"సిన్న గుంటవి. బళ్లో ఎవరితోనైనా అనేస్తావని..."

"పదేళ్లమ్మా!" పింకీ అరిచింది. పుస్తకం తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది. తలుపు కొట్టుకున్న చప్పుడుకి పైన రేకు అదిరింది.

గౌరి సర్టిఫికెట్టు చేతిలోకి తీసుకుంది. పుట్టిన సంవత్సరం దగ్గర ఆమె వేలు ఆగింది. పంతొమ్మిది వందల తొంభై. మనసులో రెండుసార్లు లెక్కపెట్టుకుంది. ముప్పై ఐదు. కార్డులో నలభై ఐదు.

"అప్పుడు నాకు ఇరవై ఐదు," అంది ఝాన్సీలక్ష్మి. "ఆ పింఛనుకి ముప్పై ఐదు నిండాలన్నారు. ఆధారు కార్డు అప్పటికింకా తీయించుకోలేదు. సదువుకున్నానంటే సర్టిఫికెట్టు అడుగుతారు, సర్టిఫికెట్టు సూపిస్తే వయసు తెలిసిపోతాది. సదువు రాదంటే నోటితో సెప్పిన వయసే రాసుకుంటారు. పదేళ్లు పెంచి సెప్పినాను, ఏలు ముద్ర ఏసినాను. ఆ రోజు నుంచీ ఇంక పెన్ను ముట్టుకోలేదు."

"సెప్పమని ఎవరన్నారు?"

 ఝాన్సీలక్ష్మి కవర్లోంచి ఇంకో కాగితం, అంచులు పసుపెక్కిన జెరాక్సు, తీసి చాప మీద పెట్టింది. ఆధారు కోసం అప్పుడు నింపిన ఫారం. గౌరి వంగి చూసింది. పేరు, వీధి పేరు, పుట్టిన సంవత్సరం. ఆ సంవత్సరంలో మూడో అంకె ఎనిమిది. ఒక సున్న, దాని నెత్తిన ఇంకో సున్న.

గౌరి చెయ్యి కాగితం మీదే ఉండిపోయింది.

ఆ ఏడాదే గౌరి బడి మానేసింది. ఇంట్లో ఊరికే ఉంటోందని, అమ్మ సంఘం వాళ్ల ఫారాలన్నీ ఆమె చేత రాయించేది. వీధరుగు మీద కూర్చుని, అమ్మ చెబుతూ ఉంటే రాసేది. ఎన్నో రాసింది. ఏది ఎవరిదో ఎప్పుడూ పట్టించుకోలేదు. అంత చూసే పిల్ల తాను రాసినదాన్ని మాత్రం చూడలేదు.

"పలక మీద ఆ ఎనిమిది సూసిన రోజే సెబుదామనుకున్నాను," అంది ఝాన్సీలక్ష్మి. "నువ్వు నా సెయ్యి పట్టుకుని దిద్దిస్తుంటే నోరు రాలేదే."

ఇంటికి వెళ్లేసరికి దాలమ్మ చింతపండు పిసుకుతోంది. గౌరి జెరాక్సు ఆమె ముందు పెట్టింది.

"ఎవరిచ్చినారే నీకిది?"

"ఈ రాత నాదేనా అమ్మా?"

దాలమ్మ చెయ్యి గిన్నెలో ఆగిపోయింది. తప్పించుకోవడానికి చూడలేదు. "పెన్ను నీది, నోరు నాది," అంది. "ఆ పిల్ల పెట్టె వీధిలో ఉన్నాది. సంకలో గుంట. రెండు రోజులై తిండి లేదు. నన్నేటి సెయ్యమంటావు, రూలు సదివి వినిపించమంటావా?"

"నాకు సెప్పొచ్చు కదా."

"పద్నాలుగేళ్ల దానికి ఏటి సెబుతారే? ఇప్పుడేటి కొంప మునిగింది? ఈదంతా సెప్పుకుంటున్న ఆ సూపర్‌వైజరు పని వద్దనమను. మేనేజరు కాళ్లు పట్టుకుంటే ఉన్న పని ఉంటాది. బయటపెట్టినారా, దానికి పింఛను పోతాది, నాకు లీడరుగిరీ పోతాది, నీకీ ఉద్యోగం పోతాది. ముగ్గురం కూకుని ఒకరి మొహం ఒకరు సూసుకుందాం."

గౌరి ఆ రాత్రి అన్నం తినలేదు. అమ్మ చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అదే ఆమెకు మింగుడు పడలేదు. వద్దనుకుంటే ఝాన్సీలక్ష్మి ఎప్పటికీ కార్డులో ఉన్న మనిషిగానే ఉండాలి. చదువు రాని మనిషిగా, పదేళ్లు పెద్ద మనిషిగా. ఇంకో పదమూడేళ్లకి, ఒంట్లో ఓపిక ఉండగానే, కార్డులో యాభై ఎనిమిది చూసి కంపెనీ వాళ్లు ఇంటికి వెళ్లమంటారు. ఇన్నాళ్లూ తాను ఆడవాళ్లను పై పనికి ఎక్కిస్తున్నానని అనుకుంది. ఈమె ఎక్కాల్సిన మెట్టును పద్నాలుగేళ్లప్పుడే తన చేత్తో తీసేసింది.

శని, ఆదివారాలు ఝాన్సీలక్ష్మి ఇంటి తలుపు మూసే ఉంది. గౌరి రెండుసార్లు ఆ వీధి చివరి దాకా వెళ్లి, పిలవలేక తిరిగొచ్చేసింది.

సోమవారం ఏడింటికి కంపెనీ ఆటో దగ్గర నిలబడింది. ఝాన్సీలక్ష్మి వస్తూ కనిపించింది. చేతిలో కారేజీ లేదు.  కారేజీ లేకుండా వచ్చిన మనిషి మానేయడానికే వస్తుంది. అది గౌరికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

"వదినా, మానేస్తన్నావా?"

"పింఛన్ల ఆఫీసుకి ఎల్దాం రా" అంది ఝాన్సీలక్ష్మి. చంకలో ప్లాస్టిక్ కవరు ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "నిన్న రాత్రి పింకీ లెక్కల పుస్తకం తెచ్చి నా ముందు పెట్టినాది. మాటా లేదు, పలుకూ లేదు. ఒక లెక్క మీద ఏలు పెట్టినాది. సేసి సూపించినాను. ఇంకోదాని మీద పెట్టినాది. అలాగ పదకొండు లెక్కలు." కాస్త ఆగింది. "అప్పుడు నాతో మాట్లాడినాదే."

ఆఫీసు తెరిచే వేళకు, పింఛన్లు చూసే గణపతిరావు అప్పుడే వచ్చి కుర్చీ తుడుచుకుంటున్నాడు. ఝాన్సీలక్ష్మి నిలబడే చెప్పింది. పింఛను ఆపేయమంది, కార్డులో వయసు తప్పంది, సర్టిఫికెట్టూ, దారిలో గౌరి తిరిగిచ్చిన జెరాక్సూ బల్ల మీద పెట్టింది. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఏటమ్మా, పింఛను ఆపమంటావా? ఇన్నేళ్ల సర్వీసులో పింఛను ఇప్పించమని నా బల్ల మీద పడి ఏడ్చినోళ్లని సూసినాను. ఆపమని వచ్చినోళ్లని సూడలేదు. నీకు ఒంట్లో బాగానే ఉన్నాదా?"

"బాగానే ఉన్నాది సార్."

"ఇన్నాళ్లూ తీసుకున్నది వెనక్కి కట్టమంటారేమో, తెలుసా?"

"తెలుసు సార్. పై పనిలోకి ఎల్తే కట్టగలను."

ఆయన జెరాక్సు అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఈ ఫారం ఎవరు నింపినారు?"

"తెలీదు సార్. సెంటర్లో ఎవరో రాసినారు." ఆ అబద్ధాన్ని ఝాన్సీలక్ష్మి కళ్లు ఆర్పకుండా చెప్పింది. గుమ్మంలో నిలబడ్డ గౌరి వైపు ఒక్కసారైనా చూడలేదు.

గౌరి ఆ గుమ్మం దాటి ఎప్పుడూ లోపలికి రాలేదు. కాగితాలిచ్చి బయటి నుంచే వెళ్లిపోయే పిల్ల. గణపతిరావుకు ఆమె గొంతు ఎలా ఉంటుందో కూడా తెలియదు.

"ఆ ఎనిమిది నాది సార్," అంది.

ఆయన తలెత్తాడు. గౌరి వచ్చి బల్ల మీది పెన్ను తీసుకుని, ఆయన పాత కాగితం వెనక ఒక ఎనిమిది వేసింది. ఒక సున్న, దాని నెత్తిన ఇంకో సున్న. ఆయన దాన్నీ జెరాక్సునీ పక్కపక్కన పెట్టి చూశాడు.  

"మీ అమ్మ దాలమ్మ కదా?"

"అమ్మ సెప్పినాది, నాను రాసినాను. రెండూ రాసుకోండి సార్."

"ఓలమ్మో," అన్నాడు గణపతిరావు, ఎవరితోనో కాదు, తనలో తాను. తర్వాత ఒక తెల్లకాగితం ఝాన్సీలక్ష్మి ముందుకు తోశాడు. "జరిగింది జరిగినట్టు రాసివ్వు. పైకి పంపిస్తాను. వాళ్లేటంటారో నాకు తెలీదు. ఇంత సిన్నప్పుడు రాసిందని ఈ పిల్ల గురించి ఒక ముక్క నాను రాస్తాను. లీడరు సంగతి నా సేతుల్లో లేదు."

ఝాన్సీలక్ష్మి కూర్చుని రాసింది. కాగితం నిండా, గీత తప్పకుండా, వేగంగా. ఝ దగ్గర చెయ్యి వణకలేదు. గౌరి ఆ చేతినే చూస్తూ నిలబడింది. నాలుగు నెలలు ఆ చెయ్యి ఎంత కష్టపడి తప్పులు రాసి ఉంటుందో అప్పుడు తెలిసింది.

రాయడం అయిపోయింది. రికార్డులో చదువు రాని మనిషి కదా, గణపతిరావు చెయ్యి అలవాటుగా సిరా పెట్టె ముందుకు జరిపింది. ఝాన్సీలక్ష్మి బొటనవేలు కూడా అలవాటుగానే వెళ్లి పెట్టె మీద వాలింది, కాగితం మీద నొక్కింది. ఆ తర్వాతే ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. కాగితం మీద నల్లటి మచ్చ ఒకటి మిగిలింది. అందులో ఒక్క గీత కూడా లేదు. జీడి రసం అన్నీ తినేసింది.

"ఇది ఎవరి ముద్రో దేవుడు కూడా సెప్పలేడు," అన్నాడు గణపతిరావు మెల్లగా. "సంతకం పెట్టమ్మా."

ఆమె ఆ మచ్చ కిందనే సంతకం పెట్టింది.

కార్డులో వయసు దిద్దమని అర్జీ ఇచ్చిన రసీదు చూసి ధనరాజ్ ఆ రోజే ఆమెను ఏరే హాల్లో నిలబెట్టాడు. కార్డు మారి వచ్చేదాకా పై జీతం రాయనన్నాడు. పై ఆఫీసు నుంచి ఏ కబురూ లేదు. సంఘం వాళ్లు మాత్రం ఆ వారమే దాలమ్మ చేతిలోంచి పుస్తకాలు తీసుకున్నారు. దాలమ్మ మూడు రోజులు కూతురితో మాట్లాడలేదు, నాలుగో రోజు అన్నం పెడుతూ "రూలు సదివిన దానివి, కూర సాలా?" అంది.

ఆ సాయంత్రమే ఝాన్సీలక్ష్మి గౌరి వాళ్లింటికి వచ్చింది. వెనక పింకీ ఉంది. పిల్ల చంకలో ఆ పలక.

"తొమ్మిదిలో మానేసినావు కదే. ఇంటి దగ్గర సదివి పది పరీక్ష రాయొచ్చట, పింకీ వాళ్ల మేస్టారు సెప్పినాడు. రేపట్నుంచి నాను కూకుంటాను నీతో."

 గౌరి ఎప్పటిలాగే నేలకేసి చూసింది.

"సిగ్గు తరవాత పడుదువు గాని," అంటూ ఝాన్సీలక్ష్మి పలక తీసి ఆమె ఒళ్లో పెట్టింది. "ముందు ఆ ఎనిమిది సరిగ్గా రాయడం నేర్సుకో."